ఒకరి జ్ఞాపకాలు, 140 ఇళ్ల గుట్టు

శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఉద్దానంలో ఒక ఇంటికి కిడ్నీ జబ్బు వచ్చిందని ఊరికి తెలియడానికి ఎవరూ నోరు విప్పి చెప్పనక్కరలేదు. వారానికి రెండు మూడు సార్లు చీకటి ఉండగానే డయాలసిస్ కోసం పలాసకో సోంపేటకో బయలుదేరే ఆటో ఆ సంగతి చెబుతుంది. నడివేసవిలో కూడా నిండుచేతుల చొక్కా వేసుకుని డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలను కలిపి చేసిన ఫిస్టులా కనబడకుండా దాచుకునే చేయి చెబుతుంది. అయినా పెళ్లికి ఎదిగిన పిల్లలు ఇంట్లో ఉన్నంతకాలం ఆ కుటుంబం ఆ మాటను గడప దాటనివ్వకూడదనే చూస్తుంది. మా ఊళ్లతో సంబంధం కలుపుకోవడానికి బయటి ప్రాంతాలవాళ్లు వెనకాడుతున్నారన్నది ఇక్కడ అందరికీ తెలిసిన బాధ. ఇన్నేళ్ల పరిశోధన తర్వాత కూడా జబ్బుకు కారణం స్పష్టంగా తేలలేదు కాబట్టి, తండ్రికి వచ్చింది రేపు కొడుకుకు రాదని ఎవరూ హామీ ఇవ్వలేకపోతున్నారు. అందువల్ల ఈ తీరంలో ఒక మనిషి కిడ్నీల పనితీరును చెప్పే రక్తపరీక్షలోని క్రియాటినిన్ అంకె ఇంటిల్లిపాది గుట్టుగా మారిపోతుంది.

అలాంటి కుటుంబాలు కొన్ని, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చిపోయాక, కరెంటు లేక, రోడ్లకు అడ్డంగా చెట్లు కూలి, ఏ డయాలసిస్ కేంద్రం నడుస్తోందో తెలియని రోజుల్లో వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నాయి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాలవాళ్లతో పాటు పోర్ట్‌బ్లెయిర్‌కూ ముంబైకీ వలసవెళ్లిన పిల్లలు కూడా అందులో ఉన్నారు. ఇప్పుడు 140 కుటుంబాల వరకు ఉన్న ఆ గ్రూపును చూసుకునే ఇద్దరిలో నేనొకణ్ని. మొదట్లో అందులో మందుల ధరలు, పింఛను కాగితాలు, రక్తదాతల కోసం విన్నపాలు మాత్రమే ఉండేవి. క్రమంగా అర్ధరాత్రి నిద్రపట్టని మనుషులు తమ లోపలి మాటలు కూడా అందులో చెప్పుకోవడం మొదలుపెట్టారు.

గత ఏడాది మా సభ్యురాలు ఒకావిడ, భర్తను నాలుగేళ్లు డయాలసిస్‌కు తిప్పి చివరికి పోగొట్టుకున్న మనిషి, రెండు వందల పేజీల రాతప్రతి తెచ్చి నా చేతిలో పెట్టారు. అది ఆమె జ్ఞాపకాల పుస్తకం. చదువుతూ ఉండగానే ఇది అచ్చు కావలసిన పుస్తకమని నాకు అనిపించింది. అదే సమయంలో ప్రతి పది పేజీలకూ ఒకచోట గుండె జల్లుమంది. ఆ రెండు భావాల్లో ఏదీ అబద్ధం కాదు కనుక, వాటి మధ్య ఉన్న చిక్కును విప్పి చూడడానికి ఈ వ్యాసం రాస్తున్నాను. ఇందులో చెప్పిన వివరాలు కొన్ని ఉన్నవి ఉన్నట్టే, కొన్ని మార్చినవి. ఏవి మార్చానో చెప్పను. ఆమె ఈ వ్యాసం చదివి సరేనన్న తర్వాతే బయట పెడుతున్నాను.

ఆమె హక్కు గురించి ఎవరికీ సందేహం ఉండకూడదు. తన బతుకును తాను రాసుకోవడం రాజ్యాంగంలోని 19వ అధికరణం ఇచ్చిన వాక్‌స్వాతంత్ర్యంలో భాగం. పైగా తెలుగు కథలన్నిటినీ ఒకచోట చేర్చాలని కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథానిలయం నెలకొల్పిన శ్రీకాకుళం జిల్లాలో, కష్టపడ్డ మనిషిని రాయవద్దని ఎవరంటారు? ఉద్దానం బాధ రాజధానిదాకా చేరింది కూడా బాధితులు తమ పేరుతో, తమ ముఖంతో మాట్లాడినందువల్లనే. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యేదాకా సాగిన కథలో ఆ మాటలకు పెద్ద పాత్ర ఉంది. అందరూ గుట్టుగా ఊరుకుని ఉంటే అవి వచ్చి ఉండేవి కావు.

చిక్కు మరోచోట ఉంది. ఆమె పుస్తకంలో మూడు రకాల విషయాలు ఒకదానిలో ఒకటి పెనవేసుకుని ఉన్నాయి: ఆమె స్వయంగా అనుభవించినవి, ఆసుపత్రి వరండాలో కళ్లారా చూసినవి, గ్రూపులో ఇతరులు ఆమెతోనూ మాతోనూ చెప్పుకొన్నవి. మొదటిది పూర్తిగా ఆమెది. మూడోది ఆమెది కాదు. ఉదాహరణకు, ఒక రాత్రి ఒక తల్లి గ్రూపులో ఇలా రాసింది: "మా గుంట పెళ్లయ్యేవరకు ఈ మాట బయటకు రానీకండి అప్పా." గుంట అంటే మా యాసలో ఆడపిల్ల. ఆ మాట చదివి మా రచయిత్రి తెల్లవార్లూ ఏడ్చారు. ఆ ఏడుపు ఆమె అనుభవం, దాన్ని రాసుకునే హక్కు ఆమెకు ఉంది. ఆ తల్లి దాచమన్న మాట మాత్రం ఆ తల్లిది. మొదటి రాతప్రతిలో రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. చాలా జ్ఞాపకాల పుస్తకాల్లో జరిగే పొరపాటు ఇదే. మనను కదిలించిన మాట మన సొంతమైపోయినట్టు అనిపిస్తుంది, అందులో దురుద్దేశం ఏమీ ఉండదు.

ఇక్కడ గ్రూపుకు ప్రత్యేకమైన ఒక సంగతి గమనించాలి. మామూలు జ్ఞాపకాల పుస్తకంలో బయటపడేది రచయిత పేరు పెట్టి చెప్పిన నలుగురైదుగురు మనుషులు. గ్రూపు గురించి రాసినప్పుడు పుస్తకంలో ఒక్క ముక్క కూడా లేనివాళ్లు బయటపడతారు. ఎందుకంటే మా గ్రూపులో ఉండడమే ఒక సమాచారం. మా సభ్యుల జాబితా అంటే రోగుల ఇళ్ల జాబితా. వాట్సాప్ గ్రూపులో ఎవరి ఫోను నంబరు అయినా మిగతా సభ్యులందరికీ కనబడుతుంది. పుస్తకంలో గ్రూపు పేరు వచ్చిందంటే, అదే పేరు ఎవరి ఫోనులోనో చూసిన మరిదికో, వియ్యంకుడికో వెంటనే అర్థమైపోతుంది. కాబట్టి మొదట తేల్చుకున్నది గ్రూపు పేరు పుస్తకంలో రాకూడదని. గ్రూపు ఎప్పుడు మొదలైందో, ఎంతమంది ఉన్నారో, ఎవరు చూసుకుంటారో కూడా ఉన్నది ఉన్నట్టు రాకూడదు. దీని మీద మాలో ఎవరికీ అభిప్రాయభేదం రాలేదు.

అభిప్రాయభేదం వచ్చింది పేర్ల దగ్గర. "అందరి పేర్లూ మార్చేశాను కదా" అని ఆమె అన్నారు. పేరు మారిస్తే మనిషి దాగుతాడన్నది పెద్ద పట్నంలో కొంతవరకు నిజం కావచ్చునేమో గాని, మా మండలాల్లో కాదు. నిజానికి పెద్ద దేశాల్లో కూడా కాదని లతన్యా స్వీనీ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త పాతికేళ్ల కిందటే చూపించారు. అమెరికా జనాభాలో సుమారు 87 శాతం మందిని పిన్‌కోడు, పుట్టిన తేదీ, ఆడో మగో అన్న మూడు వివరాలతోనే విడదీసి గుర్తించవచ్చునని ఆమె 2000లో లెక్కగట్టారు. అంతకుముందే, పేర్లు తీసేసి పరిశోధనకు ఇచ్చిన ఆసుపత్రి రికార్డుల నుంచి మసాచుసెట్స్ రాష్ట్ర గవర్నరు వైద్య వివరాలను ఆమె పట్టుకుని చూపించారు. విడివిడిగా చూస్తే ఏ వివరమూ ఎవరినీ పట్టించదు, కలిపితే పట్టిస్తుంది.

దీన్ని ఉద్దానానికి తెచ్చి చూడండి. ఇంటాయన కొన్నాళ్లు పోర్ట్‌బ్లెయిర్‌లో తాపీపని చేశాడు. అలాంటివాళ్లు వందల్లో ఉన్నారు. తిత్లీలో కొబ్బరితోట కూలిపోయింది. అది ఎవరి తోటో చెప్పలేం. పెద్దకొడుకు సైన్యంలో ఉన్నాడు. ప్రతి ఊరి నుంచీ ఒకరిద్దరున్నారు. తమ్ముడు కిడ్నీ ఇచ్చాడు. ఈ నాలుగో వివరం పడగానే మొదటి మూడూ ఒకచోట చేరి, ఒక్క ఇంటి ముందు ఆగుతాయి. పేరు సూర్యం అని పెట్టినా అప్పన్న అని పెట్టినా ఆ ఇల్లు మారదు. అందువల్ల పేరు మార్చడం ఆఖరి పని. ముందుగా చేయవలసింది ఏ వివరం మిగతావాటిని ఒకచోట కట్టిపడేస్తోందో వెతికి పట్టుకోవడం. కథకు అవసరం లేనిదైతే దాన్ని తీసేయాలి. "తమ్ముడు" అన్నచోట "దగ్గరి బంధువు" అంటే ఆ పేజీకి నష్టం ఏమీ రాలేదు. సైన్యం సంగతి అసలు అక్కరలేదు. కాని కొన్నిచోట్ల ఆ వివరమే కథకు ప్రాణం. భార్యే కిడ్నీ ఇచ్చిందన్న సంగతి తీసేస్తే ఆ అధ్యాయంలో మిగిలేది ఏమీ లేదు. అలాంటిచోట మారువేషాలతో పని జరగదు. వెళ్లి అడగడం ఒక్కటే దారి.

మారువేషంలో ఇంకో ప్రమాదం ఉంది, దాన్ని మేము చాలా ఆలస్యంగా గ్రహించాం. ఒక కుటుంబాన్ని కాపాడాలని రచయిత్రి ఆ ఊరి పేరు తీసేసి పది కిలోమీటర్ల దూరంలో ఉన్న మరో ఊరి పేరు పెట్టారు. చదివిన మా రెండో నిర్వాహకుడు ఆ ఊరివాడు కావడం వల్ల వెంటనే పట్టుకున్నాడు. ఆ రెండో ఊళ్లో దాదాపు అలాంటి కుటుంబమే ఒకటి ఉంది, ఆ ఇంట్లో ఎవరికీ జబ్బు లేదు. ఒకరి గుట్టు దాచబోయి మరొకరి మీద లేని జబ్బును వేయబోయాం. అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాం. వివరాన్ని మసకబరచవచ్చు, "తీరానికి దగ్గరి ఊరు" అనవచ్చు, గాని నిజమైన మరో ఊరి పేరు, మరో ఇంటిపేరు, మరో వృత్తి తెచ్చి అతికించకూడదు. తుడిచెయ్యడం వేరు, వేరే ముఖం మీద రంగు పూయడం వేరు.

ఎవరి నుంచి దాచాలన్న ప్రశ్న కూడా తేలాలి. పుస్తకాన్ని హైదరాబాదులో చదివే అపరిచితుడి వల్ల మా సభ్యులకు ఏ కష్టమూ రాదు. గ్రూపులోనివాళ్లకు ఎలాగూ అన్నీ తెలుసు. ప్రమాదం ఎప్పుడూ సగం తెలిసిన మనిషితోనే: ఆటో చూసినవాడు, ఫలానా ఆమె ముఖం వాచిందని విన్నవాడు, సంబంధం కుదుర్చుకునే ముందు నలుగురిని వాకబు చేస్తున్నవాడు. అతని దగ్గర ఉన్న సగానికి పుస్తకం మిగతా సగం అందిస్తుంది. రాతప్రతిని ఎడిటింగ్ చేసేటప్పుడు ప్రతి పేజీ దగ్గరా ఆ సగం తెలిసిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చదవడం వల్ల, నియమాల జాబితా ఏదీ చూపించలేని లోపాలు మాకు దొరికాయి.

చట్టం ఏమంటుందో కూడా చూడాలి, ఎందుకంటే దీని మీద రెండు పొరపాటు నమ్మకాలు ఉన్నాయి. "నిజం రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు" అన్నది మొదటిది. 1994 అక్టోబరులో ఆర్. రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దీనికి సమాధానం. విచిత్రంగా అది కూడా ఒక ఆత్మకథ చుట్టూ తిరిగిన కేసే. మరణశిక్ష పడిన ఆటో శంకర్ జైల్లో రాసుకున్నట్టు చెప్పిన జీవితకథను ఒక తమిళ పత్రిక అచ్చు వేయబోగా అధికారులు అడ్డుకున్నారు. జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి రాసిన ఆ తీర్పు ప్రకారం, ఒక మనిషి కుటుంబం, వివాహం, సంతానం వంటి సొంత విషయాలను అతని సమ్మతి లేకుండా ప్రచురిస్తే, అది నిజమైనా అబద్ధమైనా, పొగడ్త అయినా తెగడ్త అయినా, అతని గోప్యతకు భంగం కలిగించినట్టే. బహిరంగ రికార్డుల్లో ఉన్న విషయాలకు ఈ రక్షణ వర్తించదు. లైంగిక దాడికి గురైన స్త్రీ పేరు వంటివి మాత్రం రికార్డుల్లో ఉన్నా బయటపెట్టకూడదు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించాక ఈ పునాది మరింత గట్టిపడింది. పరువునష్టం విషయంలో కూడా, భారతీయ న్యాయ సంహితలోని 356వ సెక్షన్ కింద, నిజం అయితే చాలదు. అది ప్రజాహితం కోసం చెప్పిన నిజం అయి ఉండాలి.

"గ్రూపులో పెట్టేశాక అది అందరి సొత్తు" అన్నది రెండో పొరపాటు. ఉత్తరం వచ్చిన మనిషికి కాగితం చెందుతుందే తప్ప అందులోని రచన మీద హక్కు రాసిన మనిషిదేనన్నది కాపీరైటు చట్టంలో పాత సూత్రం. "ఈ రోజు మిషన్ ఖాళీ లేదు" అన్న మాటకు ఎవరూ కాపీరైటు అడగరు గాని, ఒక మనిషి తన దుఃఖాన్ని ఇరవై వాక్యాల్లో రాసుకున్న సందేశాన్ని యథాతథంగా అచ్చు వేస్తే, పేరు తీసేసినా అది ఇంకొకరి రచన. గురజాడ ఉత్తరాలు, డైరీలు అచ్చయ్యాయి కదా అని మా విజయనగరం మిత్రుడు ఒకాయన వాదించారు. అవి 1915లో ఆయన మరణించిన దశాబ్దాల తర్వాత వెలుగు చూశాయి. మా సందేశాలు రాసినవాళ్లు రేపు ఉదయం డయాలసిస్‌కు వెళ్లవలసినవాళ్లు.

నమ్మకం మీద చెప్పిన జబ్బు సంగతి బయటపెట్టకూడదని నేరుగా చెప్పే చట్టం ఒకటి ఉంది. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం అలా తెలిసిన హెచ్‌ఐవీ స్థితిని, పూర్తిగా తెలిపి తీసుకున్న సమ్మతి లేకుండా ఎవరూ వెల్లడించకూడదు. కిడ్నీ జబ్బుకు అంత సూటి రక్షణ లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టానికి నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధానమైన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు అమలులోకి వస్తాయి. సొంత లేదా ఇంటి అవసరాలకు వాడుకునే సమాచారానికి ఆ చట్టం వర్తించదు గాని, అమ్మకానికి పెట్టిన ఈ-బుక్ ఇంటి అవసరమని వాదించడం కష్టమని నా అభిప్రాయం. ఇక గ్రూపు నిర్వాహకులు సభ్యుల చర్యలకు బాధ్యులు కారని బొంబాయి, కేరళ హైకోర్టులు చెప్పాయి. అది నాకు కేసుల నుంచి ఊరట. నన్ను నమ్మి గ్రూపులో చేరిన ఇళ్లకు మాత్రం అది జవాబు కాదు.

సాంకేతికత గురించి చెప్పవలసింది కొద్దిగానే ఉంది. వాట్సాప్ సందేశాలు దారి మధ్యలో ఎవరూ చదవలేనట్టు తాళం వేసి ఉంటాయి. కాని గమ్యం చేరాక తాళంచెవి 140 ఇళ్లవాళ్ల దగ్గర ఉంటుంది. 90 రోజుల్లో మాయమయ్యే సందేశాల సదుపాయం, 2025లో వచ్చిన చాట్ ఎగుమతిని ఆపే సదుపాయం రెండూ పెట్టుకోవడం మంచిదే. స్క్రీన్‌షాట్‌ను అవి ఆపలేవు, నోటుపుస్తకంలోకి ఎక్కించుకోవడాన్ని అసలే ఆపలేవు. స్క్రీన్‌షాట్లను పుస్తకంలో బొమ్మలుగా వేయాలన్న ఆలోచనను మేము మొదటి రోజే వదిలేశాం. ఫొటోల దగ్గర అంతకంటే జాగ్రత్త అవసరమైంది. భర్తతో డయాలసిస్ వార్డులో దిగిన ఆమె ఫొటోలో వెనక పడకమీద మరొకరి ముఖం, మంచానికి తగిలించిన కేస్‌షీటు కనబడుతున్నాయి.

అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది సమ్మతి తీసుకోవడం. గ్రూపులో ఒక పోల్ పెట్టి "పుస్తకానికి అభ్యంతరం ఉందా" అని అడిగేస్తే సరిపోతుందని కొందరన్నారు. దాన్ని నేను గట్టిగా వ్యతిరేకించాను. 139 ఇళ్లవాళ్లు సరేనన్నా ఆ ఒక్కరి గుట్టు మీద వాళ్లకు హక్కు రాదు. నీలం టిక్కులు పడినంత మాత్రాన ఎవరూ ఒప్పుకున్నట్టు కాదు. నిర్వాహకుడు సరేనంటే సభ్యులు సరేనన్నట్టూ కాదు. పుస్తకంలో వస్తున్న ప్రతి మనిషినీ విడిగా అడగాలి, అదీ "నీ గురించి కొంచెం రాశాను" అని కాకుండా ఆ పేజీని ఉన్నది ఉన్నట్టు చూపించి అడగాలి. చదువురానివాళ్లకు ఫోనులో చదివి వినిపించాలి. అచ్చుకు వెళ్లేదాకా మనసు మార్చుకునే వీలుండాలి. కాదన్నవాళ్లను కారణం అడగకూడదు.

అడగడంలోనే ఒక ఆపద ఉందని రెండో ఫోనుకే తెలిసింది. మా ఊళ్లలో చాలా ఇళ్లలో ఒక ఫోను నలుగురి చేతుల్లో తిరుగుతుంది. ఒక కోడలు అత్తవారికి తెలియకుండా గ్రూపులో రాసుకున్న మాట గురించి మేము ఫోను చేసిన సమయానికి ఫోను ఎత్తింది అత్తగారు. రచయిత్రి సమయస్ఫూర్తితో మందుల దుకాణం సంగతి అడిగి పెట్టేశారు. ఆ తర్వాత ఎవరికీ ముందుగా ఫోను చేయలేదు. "తీరిక ఉన్నప్పుడు మీరే ఒకసారి మాట్లాడండి వదినా" అని మాత్రం సందేశం పెట్టేవాళ్లం. ఆరువారాలు పట్టింది. పదకొండు మంది ఒప్పుకున్నారు, వారిలో ఇద్దరు తమ అసలు పేరే వేయమన్నారు. నలుగురు వద్దన్నారు. ఇద్దరి నుంచి కబురు రాలేదు, ఆ రెండు పేజీలూ తీసేశాం.

చనిపోయినవాళ్ల సంగతి ఏమిటి? గోప్యత హక్కు మనిషితోనే ముగుస్తుందని మద్రాసు, ఢిల్లీ హైకోర్టులు చెప్పాయి. చట్టం అక్కడ ఆగవచ్చు, ఉద్దానంలో మనం ఆగలేం. పోయిన మనిషి జబ్బు గురించి రాయడం అంటే బతికి ఉన్న అతని కొడుకుల గురించి ఊరు లెక్కలు వేయడానికి అంకెలు ఇవ్వడమే. అందుచేత పోయినవాళ్ల విషయంలో ఇంటి పెద్దను కాకుండా, పెళ్లి కావలసిన పిల్లలున్నచోట ఆ పిల్లల్నే అడిగాం.

దీనికి మరో అంచు ఉంది. రాతప్రతిలో ఒక అధికారి, పింఛను దరఖాస్తు మీద, ఆమెను నెలల తరబడి తిప్పిన వైనం ఉంది. నీళ్ల ట్యాంకరు రాని వేసవి ఉంది. గోప్యత పేరుతో వీటిని కూడా మెత్తబరచమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. అది సరైన సలహా కాదు. ప్రభుత్వ విధులు నిర్వర్తించేటప్పుడు చేసిన పనికి సంబంధించి అధికారులు గోప్యతను అడ్డం పెట్టుకోలేరని అదే రాజగోపాల్ తీర్పు చెప్పింది. మా ఆరోగ్యం మా ఇంటి విషయం; మాకు అందని నీళ్లు ఇంటి విషయం కాదు. ఆ పేజీల్లో ఆమె ఒక్క అక్షరం మార్చలేదు, మార్చమని నేను అడగలేదు.

పుస్తకం బయటకు వచ్చాక పరీక్ష మళ్లీ మొదలవుతుంది. ఆవిష్కరణ సభకు గ్రూపు సభ్యులు ముందు వరసలో వచ్చి కూర్చుంటే ఆ ఫొటో చాలు, మేము ఆరువారాలు చేసిన పని వృథా కావడానికి. విలేకరులు "ఆ గ్రూపులో మరెవరితోనైనా మాట్లాడించండి" అని తప్పకుండా అడుగుతారు. వాళ్లకు ఏమి చెప్పాలో ఇప్పుడే అనుకున్నాం. విడుదలకు ముందు నెల నుంచి కొత్త సభ్యులను తెలిసినవాళ్ల ద్వారా తప్ప చేర్చుకోం, చేరికకు వాడే లింకు రద్దుచేసి కొత్తది తీసుకుంటాం. సభలో రచయిత్రి తన గురించి ఎంతసేపైనా మాట్లాడతారు, గ్రూపు గురించి రాతప్రతిలో ఉన్నంతే మాట్లాడతారు. గ్రూపులో చేరే ప్రతి ఒక్కరికీ మొదటి సందేశంగా ఇప్పుడు రెండు వాక్యాలు పంపుతున్నాం: ఇక్కడ విన్న విషయం వల్ల మీకు మేలు జరిగితే వాడుకోండి; ఎవరు చెప్పారన్నది ఇక్కడే వదిలిపెట్టండి. లండన్‌లోని చాథమ్ హౌస్ అనే అంతర్జాతీయ వ్యవహారాల సంస్థ 1927 నుంచి, అవసరమైనప్పుడు, తన సమావేశాల్లో దాదాపు ఇదే నియమం పాటిస్తోందని నాకు తర్వాత తెలిసింది.

"మా గుంట పెళ్లయ్యేవరకు" అన్న ఆ తల్లికి రచయిత్రి తన పేజీని ఫోనులో రెండుసార్లు చదివి వినిపించారు. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ఆ మాట తను రాసినట్టు తనకే గుర్తులేదని, వింటే మళ్లీ కడుపు తరుక్కుపోయిందని చెప్పి, పేజీ ఉంచమంది, ఇప్పుడు మాత్రం వద్దంది. మాఘంలో ముహూర్తం పెట్టుకున్నారు. పెళ్లి అయి అమ్మాయి అత్తవారింట కుదురుకున్నాక తానే ఫోను చేస్తానంది. అప్పటివరకు అచ్చు పని ఆపమని రచయిత్రి ప్రెస్సువాళ్లకు చెప్పారు.